అప్‌డేట్: ఆఫీసుకూ ప్రయాణానికీ ఒకే పెన్ను

ఆఫీసు పనికీ, హన్మకొండ–కరీంనగర్ బస్సు ప్రయాణాలకూ ఆగే పెన్ను ఏదని అడిగిన కదా. అందరూ చెప్పినట్టే పార్కర్ జాటర్ బాల్‌పాయింట్, స్టీల్ బాడీది తీసుకున్న. ప్లాస్టిక్ బాడీలో పగులు తరచూ తిప్పి బిగించే చుట్ల దగ్గరే మొదలవుతుంది. రీఫిల్ జీ2 అనే పార్కర్ తరహా సైజు, పొడవు సుమారు 98 మిల్లీమీటర్లు. అదే సైజులో వేరే కంపెనీలవీ పడతాయి.

జెల్ వద్దనుకున్న. అది నీళ్ల సిరా, కొన్ని రకాలు తడి తగిలితే అలుక్కుపోతాయి. బాల్‌పాయింట్‌ది నూనె సిరా. కార్బన్ కాపీకి గట్టిగా నొక్కి రాయడానికీ అదే నయం.

మే ఎండలో బండి డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టొద్దు, సిరా పలచబడి మొన దగ్గర కారొచ్చు. రాయకుండా మొరాయిస్తే మొన తుడిచి, నాలుగైదు కాగితాల దొంతర మీద గుండ్రంగా గీయాలి. గట్టి బల్ల మీద ఒక్క కాగితమే ఉంటే మొనలోని చిన్న బంతికి పట్టు దొరకక జారుతుంది.