కిస్మిస్ తిన్న కుక్క హుషారుగానే ఉంది: వెంటనే తీసుకెళ్లాలా, సాయంత్రం దాకా ఆగవచ్చా?

చిట్టి_వాళ్లిల్లు (గురువారం, మధ్యాహ్నం 12:10)

అందరికీ నమస్కారం. మేము విజయవాడలో ఉంటాం. మా ఇంట్లో చిట్టి అనే మూడేళ్ల ఆడకుక్క ఉంది. నాటు జాతి, పోయిన నెల టీకా వేయించినప్పుడు 11 కిలోలు తూగింది. రేపటి వరలక్ష్మీ వ్రతానికి పరమాన్నంలోకని తెచ్చిన పావుకిలో కిస్మిస్ పొట్లాన్ని గట్టు మీద పెట్టి నేను పెరట్లోకి వెళ్లి వచ్చేలోపు, అది పొట్లాన్ని కిందికి లాగి చింపేసింది. మిగిలినవి ఏరి తూచి చూస్తే 150 గ్రాములు ఉన్నాయి. అంటే దాదాపు 100 గ్రాములు దాని కడుపులోకి వెళ్లినట్టే. ఇదంతా జరిగి 40 నిమిషాలు అయింది.

ద్రాక్ష కుక్కలకు పడదని ఎప్పుడో విన్న గుర్తు ఉంది కానీ, చిట్టి మాత్రం తోక ఊపుతూ ఇల్లంతా తిరుగుతోంది. ఉప్పునీళ్లు పట్టి కక్కించమని మా అత్తయ్యగారు, పెరుగన్నం పెడితే విరిగిపోతుందని పక్కింటివారు చెబుతున్నారు. మామూలుగా చూపించే డాక్టరుగారు సాయంత్రం 5 గంటలకు గాని రారు. అంతవరకు ఆగవచ్చా? దయచేసి తెలిసినవారు చెప్పండి.

పశువైద్యుడు_గుంటూరు (12:18)

అమ్మా, ఆగవద్దు. ఇది చదువుతూనే బయలుదేరండి. మీ డాక్టరుగారికి ఫోన్ చేసి ఇప్పుడే చూడగలరేమో అడగండి. వీలుకాదంటే తెరిచి ఉన్న మరో ఆసుపత్రికి వెళ్లండి. గన్నవరం పశువైద్య కళాశాలలో కూడా ఆసుపత్రి ఉంది. వేళలు కనుక్కొని వెళ్లండి. చింపిన పొట్లాన్ని, మిగిలిన కిస్మిస్‌ను వెంట తీసుకెళ్లి, కుక్క బరువు, తిన్న పరిమాణం, తిన్న సమయం, ఈ మూడూ గుమ్మంలోనే చెప్పండి.

ఉప్పునీళ్లు పట్టనే పట్టవద్దు. పెద్దలు మంచి ఉద్దేశంతోనే చెబుతారు, కాని ఉప్పుతో వాంతి అవుతుందన్న నమ్మకం లేదు; వాంతి కాకపోతే ఆ ఉప్పంతా రక్తంలో చేరి వణుకు, ఫిట్స్ తెప్పించగలదు, అప్పుడు ఒక విషానికి రెండో విషం తోడైనట్టవుతుంది. గొంతులో వేలు పెట్టడం, ఆముదం తాగించడం కూడా వద్దు. పెరుగు హాని చేయదు గాని విరుగుడు మాత్రం కాదు.

తొందర ఎందుకో చెబుతాను. ఎండుద్రాక్ష విషయంలో కుక్క బరువులో కిలోకు సుమారు 3 గ్రాముల దగ్గరే మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. ఆ లెక్కన మీ చిట్టికి 33 గ్రాములు చాలు, అది అంతకు మూడింతలు తిన్నది. ఒక కుక్క ఎక్కువ తిన్నా తట్టుకోవచ్చు, మరొకటి కొద్దిగా తిన్నా దెబ్బతినవచ్చు; ఏది ఏ కోవకు చెందుతుందో ముందే చెప్పే పరీక్ష లేదు. ఇంజెక్షన్‌తో వాంతి చేయించడానికి మొదటి రెండు గంటలు మంచి సమయం. కిస్మిస్ కడుపులో ఉబ్బి చాలాసేపు నిలిచి ఉంటుంది కాబట్టి ఆ తరువాత కూడా ప్రయోజనం ఉండవచ్చు, కాని చేతిలో ఉన్న సమయాన్ని వదులుకోవద్దు.

పొమరేనియన్_నాన్న (12:41)

డాక్టరుగారి మాటకు నా అనుభవం జోడిస్తాను, ఎందుకంటే "హుషారుగానే ఉంది కదా" అన్న మాట దగ్గరే నేను పొరపడ్డాను. రెండేళ్ల క్రితం, పెసరట్ల కోసం తరిగి పెట్టిన ఉల్లిపాయ ముక్కలను మా 6 కిలోల కుక్క ఒక గిన్నెడు తినేసింది. ఆ రోజు, మరునాడు, మూడో రోజు కూడా మామూలుగానే ఆడుకున్నది. నాలుగో రోజు ఉదయం లేవలేదు. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి, మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తంలోని ఎర్రకణాలను చిట్లేలా చేస్తాయని, బరువులో అర శాతం ఉల్లి కూడా హాని చేయగలదని, ఆ లెక్కన మా కుక్కకు 30 గ్రాములే ఎక్కువని అప్పుడు తెలిసింది. రక్తం ఎక్కించవలసి వచ్చింది. ప్రాణం దక్కింది గాని, మొదటి రోజే వెళ్లి ఉంటే దానికి అంత బాధ ఉండేది కాదని ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

చిట్టి_వాళ్లిల్లు (శుక్రవారం, సాయంత్రం 6:30)

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఒంటిగంట లోపే ఒక ఆసుపత్రికి చేరుకున్నాం. ఇంజెక్షన్ ఇచ్చిన పది నిమిషాలకు వాంతి అయింది, ఉబ్బిన కిస్మిస్ చాలావరకు బయటపడింది. తరువాత బొగ్గు మందు తాగించి, సెలైన్ పెట్టారు. మూత్రపిండాల పనితీరును చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ నిన్నటిది, ఈ రోజుది రెండూ మామూలుగానే ఉన్నాయి. రేపు మధ్యాహ్నం వరకు సెలైన్ కొనసాగించి, ఆదివారం మళ్లీ రక్తపరీక్షకు రమ్మన్నారు. కుక్క తిని తిరుగుతుంటే ఆదివారం మళ్లీ సూది గుచ్చడం అవసరమా అని ఇంట్లో అంటున్నారు.

మరొక సందేహం. ఈ ఉదయం ప్రసాదం పులిహోర కింద పడితే, పక్కింటి కుక్క ఒక ముద్ద తిన్నది. అన్నమే కదా, ఫరవాలేదా?

పశువైద్యుడు_గుంటూరు (శుక్రవారం, రాత్రి 8:05)

వాంతిలో కిస్మిస్ బయటపడటం చాలా మంచి వార్త. అయినా ఆదివారం పరీక్ష మానవద్దు. ద్రాక్ష వల్ల మూత్రపిండాలకు కలిగే హాని సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బయటపడుతుంది, అందుకే 72 గంటల దగ్గర చూసే క్రియాటినిన్‌కు అంత విలువ. అప్పటివరకు చిట్టి ఎన్నిసార్లు మూత్రం పోస్తున్నదో లెక్కపెట్టండి. సెలైన్ ఎక్కుతుండగానే మూత్రం తగ్గినా, మళ్లీ వాంతులు మొదలైనా ఆ క్షణమే తీసుకెళ్లండి.

విషాన్ని బట్టి గడియారం మారుతుంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో తీపి కోసం వేసే జైలిటాల్ అరగంటలోనే రక్తంలో చక్కెరను పడగొట్టి కుక్కను కూలబెట్టగలదు. చాక్లెట్ లక్షణాలు ఎక్కువగా 6 నుంచి 12 గంటల్లో కనిపిస్తాయి. ఉల్లి సంగతి పైన మిత్రులు రాశారు.

పులిహోర గురించి అడిగి మంచి పని చేశారు, మన ఇళ్లకు ఇది అన్నిటికన్నా దగ్గరి విషయం. ద్రాక్షలోని విషం ఏమిటో చాలా ఏళ్లు తెలియలేదు. 2021లో అమెరికాలోని పశువైద్య నిపుణులు టార్టారిక్ ఆమ్లాన్ని అనుమానించారు. 2022లో చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే రకం మూత్రపిండాల దెబ్బ కనిపించిందని ప్రచురించారు. మన చింతపండు పులుపు ఆ ఆమ్లానిదే, అది ద్రాక్షలో కన్నా చింతపండు గుజ్జులో చాలా ఎక్కువ. పెద్ద కుక్క అన్నంలో కలిసిన ఒక ముద్ద తింటే నేను మరీ భయపడను గాని, దాని బరువు, తిన్న పరిమాణం పక్కింటివారిని అడిగి వారి డాక్టరుకు ఫోన్‌లో చెప్పించండి. చిన్న కుక్కయినా, పులిహోర గుజ్జునో నానబెట్టిన చింతపండునో నేరుగా తిన్నదైనా, చిట్టికి చేసినట్టే చేయాలి. చింతపండు డబ్బాను కిస్మిస్ డబ్బా పక్కనే, పై అరలో మూత బిగించి పెట్టండి.

చిట్టి_వాళ్లిల్లు (ఆదివారం, మధ్యాహ్నం 1:20)

మూడో పరీక్ష కూడా మామూలుగానే వచ్చింది. పక్కింటి కుక్క 28 కిలోలు, తిన్నది ఒకే ముద్ద. వారి డాక్టరుగారు రెండు రోజులు మూత్రం గమనించి, ఒక రక్తపరీక్ష చేయించమన్నారు. రేపు ఉదయం తీసుకెళుతున్నారు.