డిశ్చార్జ్ అయ్యి ఇంటికెళ్ళాక ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో పేషెంట్లనే అడగాలంటే ఎలా?

గుంటూరు_సిస్టర్:
అందరికీ నమస్తే. నేనొక ప్రైవేట్ హాస్పిటల్లో కార్డియాలజీ వార్డ్ ఇన్‌ఛార్జ్‌ని. హార్ట్ ఫెయిల్యూర్ (గుండె సరిగ్గా పంప్ చేయలేని) వాళ్ళు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు కొంతమంది నెల తిరక్కుండానే ఆయాసంతో మళ్ళీ ఎమర్జెన్సీకి వచ్చేస్తున్నారు, ఏమైంది అంటే బాగానే ఉంది కదా అని మాత్ర ఆపేశాం అంటారు, లేకపోతే పాతవీ కొత్తవీ కలిపి వేశాం అంటారు. మేనేజ్‌మెంటేమో ఇంటికెళ్ళేటప్పుడు చేతికిచ్చే సూచనల షీటు ఇంకోటి కొత్తగా తయారు చేయమంటోంది. ఈసారి అది మేం కూర్చుని రాసేకంటే ఇంటికెళ్ళినవాళ్ళని పిలిచి వాళ్ళతోనే రాయిస్తే ఎలా ఉంటుందని నా ఆలోచన. ఇప్పుడున్న ఫీడ్‌బ్యాక్ ఫారంలో అందరూ ఐదు స్టార్లు కొట్టేసి పోతారు, దేనికీ పనికిరాదది. ఎవర్ని అడగాలి, ఎప్పుడు అడగాలి?

కృష్ణలంక_పిల్ల:
సిస్టర్, ముందు డిశ్చార్జ్ రోజు మాత్రం అడక్కండి. నాన్నగారికి స్టెంట్ వేసినప్పుడు పొద్దున్నే పంపేస్తాం అన్నారు, ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చేసరికి చీకటి పడింది, ఆ హడావిడిలో మందులన్నీ మా అన్నయ్యకి గబగబా చెప్పేసి ఫైలు చేతిలో పెట్టారు. అన్నయ్య ఆ రాత్రే బెంగళూరు బస్సెక్కాడు. మందులిచ్చేది అమ్మ, ఆవిడకి చెప్పినవాళ్ళే లేరు. డిశ్చార్జ్ సమ్మరీ అంతా ఇంగ్లీషు, రోజుకొకసారికి ఓడీ, రెండుసార్లకి బీడీ, పడుకునేముందుకి హెచ్‌ఎస్ అని ఉంటే అమ్మకేం తెలుస్తుంది చెప్పండి. ఇంట్లో ముందునుంచీ అటోర్వా అనే కొలెస్ట్రాల్ మాత్ర ఉంది, కొత్తగా ఎకోస్ప్రిన్ ఏవీ రాశారు, ఆ రెండోదాంట్లో ఆస్ప్రిన్‌తో పాటు అటోర్వాస్టాటిన్ కూడా ఉంటుందని, అంటే ఒకే మందు రెండుసార్లు పడుతోందని మెడికల్ షాపు ఆయన చెప్తేగానీ తెలీలేదు. కొత్తవి రాస్తారు సరే, పాతవాటిలో ఏది ఆపాలో ఎందుకు రాయరు? మీ మీటింగుకి మా అమ్మలాంటివాళ్ళని పిలవండి, అన్నయ్యలాంటివాళ్ళు వద్దు.

రిటైర్డ్_కండక్టర్:
అమ్మా, నేను హార్ట్ ఫెయిల్యూర్ పేషెంటునే. రోజూ బరువు చూసుకోమన్నారు, ఇంట్లో మిషను ఉందా అని అడిగినవాళ్ళు లేరు. కొన్నాం సరే, ఎంత పెరిగితే కంగారు పడాలి? చాన్నాళ్ళకి ఒక చిన్న డాక్టరుగారు చెప్పారు, మూడు రోజుల్లో 2 కేజీలు దాటి పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని, ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేయమని. ఆ ఒక్క ముక్క షీటు మీద పెద్దక్షరాల్లో ఉంటే చాలు. డైట్ చార్టులో ఓట్స్, బ్రోకలీ రాశారు, ఆవకాయ సంగతి, అప్పడాల సంగతి లేదు. ఉప్పంతా అక్కడే కదా ఉండేది! షీటు కింద ఉన్న నంబరుకి చేస్తే రిసెప్షనిస్టు ఎత్తి అపాయింట్‌మెంట్ కావాలా అంటుంది. నన్ను పిలిస్తే వస్తాను గానీ ఒక్కణ్ణే పిలవొద్దు, పెద్ద డాక్టర్ల ముందు ఒక్కడే కూర్చుంటే ఎవడైనా అంతా బాగుందండీ అనే అంటాడు. ముగ్గురు నలుగురం ఉంటే నోరు లేస్తుంది. ఆటో ఖర్చులు మీవే, మెట్లు లేని రూము చూడండి.

హెల్త్‌క్వాలిటీ_రవి:
కండక్టర్ గారు చెప్పిందాన్నే అమెరికాలో ఎరిక్ కోల్‌మన్ అనే డాక్టర్ ఒక పద్ధతిగా పెట్టాడు, మందులు తనే చూసుకోగలగడం, రికార్డు పేషెంటు చేతిలోనే ఉండడం, ఫాలోఅప్, ఏ లక్షణం వస్తే పరిగెత్తాలో తెలియడం, ఈ నాలుగూ. మన దగ్గర నూరా హెల్త్ వాళ్ళ కేర్ కంపానియన్ ప్రోగ్రాం ఉంది, వార్డులోనే నర్సులు ఇంటివాళ్ళకి క్లాసు చెప్తారు, కర్ణాటకలో మొదలై ఏపీకి కూడా వచ్చింది. మీ ప్రశ్నకొస్తే, రెండు మూడు రోజులయ్యాక ఫోన్ చేయండి, అదీ వార్డులో వాళ్ళని చూసుకున్న నర్సే చేస్తే మొహమాటపడతారు కాబట్టి ఫార్మసీ వాళ్ళతో చేయించండి. మందులు వేసుకుంటున్నారా అంటే ఊ అంటారు, దానివల్ల లాభం లేదు. డబ్బా దగ్గర పెట్టుకుని ఇవాళ పొద్దున ఏమేం వేశారో చదవండి అనాలి, తెలుగులో రంగు చెప్పినా పర్లేదు.

గుంటూరు_సిస్టర్:
థాంక్స్ అండి, చాలా పనికొచ్చాయి. ఆపాల్సిన మందులకి విడిగా తెలుగు గడి, బరువు లెక్క, ఈ రెండూ డ్రాఫ్టులో పెడుతున్నా. ఒక డౌటు, ఆరోగ్యశ్రీలో వచ్చే పల్లెటూరి వాళ్ళు చాలామంది ఇచ్చే నంబరు వేరే ఊళ్ళో ఉన్న కొడుకుది, ఫోన్ చేస్తే ఏముందీ, నాకు తెలీదు అంటాడు. వాళ్ళనెలా?

పల్నాడు_బాబాయ్:
మా ఊళ్ళో ఒంట్లో తేడా చేస్తే ముందు పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికే, మీకు నచ్చినా నచ్చకపోయినా. ఆ షీటు ఆయనకీ అర్థమయ్యేలా ఉండాలి, లేకపోతే ఆయాసానికి సెలైన్ ఎక్కిస్తాడు, ఒంట్లో నీరు చేరినోడికి అది ఇంకా చేటు. నంబరు కావాలంటే డిశ్చార్జ్‌కి ముందే ఆశా వర్కర్‌ది అడగండి, చాలా ఊళ్ళల్లో ఉంటారు.

రిటైర్డ్_కండక్టర్:
సెలైన్ మాట నిజమే, అది కూడా షీటు మీద వేయించమ్మా. మీటింగు సాయంత్రం పూట పెట్టు, పొద్దున్న ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకుంటే గంటకోసారి లేవాలి.