క్రూజ్ ఫార్మల్ నైట్ డిన్నర్‌కి నాన్నగారు పంచె కట్టుకుని రావచ్చా?

తెనాలి అమ్మాయి, డాలస్:

అందరికీ నమస్తే. జూన్ రెండో వారంలో అమ్మానాన్నలతో సియాటిల్ నుంచి అలాస్కా క్రూజ్ వెళ్తున్నాం. ఏడు రాత్రులు. జూనో, స్కాగ్వే, కెచికాన్, ఆఖరున విక్టోరియా. టికెట్లు, హోటల్ అన్నీ అయిపోయాయి. రాత్రి డిన్నర్ బట్టల దగ్గర ఆగిపోయాను.

ఏడింటిలో రెండు రాత్రులు ఫార్మల్ అని మెయిల్ వచ్చింది. మగవాళ్లకి డార్క్ సూట్ లేదా టక్సీడో, ఆడవాళ్లకి ఈవెనింగ్ గౌన్ అని రాశారు. మా నాన్నగారికి 71 ఏళ్లు. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. బడికైనా, బ్యాంకుకైనా పంచె, లాల్చీ, భుజం మీద కండువా. నా పెళ్లికీ అంతే. మొన్న మాల్‌కి తీసుకెళ్లి సూట్ వేయించి చూశాం. అద్దం ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయారు. "నీకు బాగుందనిపిస్తే వేసుకుంటాలేమ్మా" అన్నారు. కొనకుండా వచ్చేశాం కానీ ఆ మాట రెండు రోజులుగా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

మా ఆయనేమో సూట్ అద్దెకి తీసుకుందాం అంటున్నారు. అంతమందిలో నాన్నగారొక్కరే వేరుగా కనిపిస్తే ఇబ్బంది పడతారేమోనని ఆయన బాధ. అదీ నిజమే కదా అనిపిస్తోంది.

ఇక అమ్మ. నా పెళ్లికి కొన్న కంచిపట్టు చీర ఒకటి, ఉప్పాడ ఒకటి తెచ్చుకుంది. కంచిపట్టు కట్టాలని ఆశ. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. షిప్ ఊగుతుంటే ఆ బరువు చీరతో నడవగలదా అని నా టెన్షన్.

అడగాల్సింది రెండే. పంచెతో వెళ్తే డైనింగ్ హాల్ గుమ్మం దగ్గర ఆపుతారా? పట్టుచీరలు నలగకుండా ఎలా తీసుకెళ్లాలి? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

---

కావలి కోడలు, న్యూజెర్సీ:

అమ్మాయ్, నిశ్చింతగా కట్టించు. నేను మా అత్తగారినీ మామగారినీ రెండుసార్లు క్రూజ్‌కి తీసుకెళ్లాను, అందులో ఒకటి మీరు వెళ్తున్న అలాస్కాయే. మామగారు రెండు ఫార్మల్ నైట్లకీ పంచెతోనే వచ్చారు.

వాళ్లు వద్దనేది నిక్కర్లు, ఈత బట్టలు, చేతుల్లేని బనియన్లు, హవాయి చెప్పులు. ఏ దేశం వాళ్లు ఆ దేశపు పండగ బట్టల్లో వస్తే ఫార్మల్ కిందే లెక్క. బ్లాక్ టై (టక్సీడో లాంటి ఫార్మల్ బట్టలు) విషయంలో బాగా పట్టింపున్న క్యూనార్డ్ అనే క్రూజ్ కంపెనీ వాళ్లు కూడా నేషనల్ డ్రెస్ వేసుకోవచ్చనే చెప్తారు. అయినా నీ మనశ్శాంతి కోసం మీ కంపెనీకి ఒక మెయిల్ పెట్టు. 'నేషనల్ డ్రెస్' అనే మాట వాడి అడుగు. జవాబు ఫోన్‌లో దాచుకుంటే గుమ్మం దగ్గర గుండె దడ ఉండదు.

మా మామగారి సంగతి చెప్తాను. మొదటి ఫార్మల్ నైట్ రెండో రోజునే వచ్చింది. సాధారణంగా ఎక్కడా ఆగకుండా సముద్రంలోనే ఉండే రోజున పెడతారు, సియాటిల్ నుంచి బయల్దేరితే అది రెండో రోజే అవుతుంది. ఆయన గదిలో గంట ముందే తయారై కూర్చున్నారు. జరీ అంచు తెల్ల పంచె, తెల్ల లాల్చీ, ఎర్ర అంచు కండువా. కండువాని నాలుగు మడతలు పెట్టి, అంచు బయటికి కనపడేలా చేత్తో మూడుసార్లు సాపు చేసి భుజాన వేసుకున్నారు. లిఫ్ట్‌లో సూట్ వేసుకున్న ఒక పెద్దాయన పక్కకి జరిగి దారి ఇచ్చి, చాలా బాగుంది అన్నారు. మా టేబుల్ దగ్గర వెయిటర్ ముంబై కుర్రాడు. మామగారిని చూడగానే రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. ఆ వారమంతా ఆ అబ్బాయి ఈయన కోసం పప్పు, అన్నం వండించి తెచ్చేవాడు. (మీరూ మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి చెప్పండి. ఒక రోజు ముందు చెప్తే మన శాకాహారం చేసిపెట్టే షిప్పులు చాలానే ఉన్నాయి.)

ఆ రాత్రి మెట్ల దగ్గర ఫొటోగ్రాఫర్లు నిలబడి ఉంటారు. తీయించుకోవడానికి డబ్బులుండవు, నచ్చితేనే కొనుక్కోవచ్చు. ఆ ఫొటోయే ఇప్పుడు కావలిలో మా హాల్లో ఉంది. సూట్‌లో తీయించుకుని ఉంటే ఆయన దాన్ని గోడకి పెట్టనిచ్చేవారు కాదని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు అమ్మ చీరలు. నా మాట విని కంచిపట్టు ఇంట్లో ఉంచి ఉప్పాడ తీసుకెళ్లండి. ఉప్పాడ తేలిక, చిన్న మడత అవుతుంది, నడవడానికి కాళ్లకి అడ్డం పడదు. జరీ లోపలికి వచ్చేలా మడిచి, పాత మెత్తటి నూలు గుడ్డలో చుట్టి సూట్‌కేస్‌లో అన్నిటికంటే పైన పెట్టు. గదిలోకి వెళ్లగానే తీసి హ్యాంగర్‌కి వెయ్యి. నలిగిన లాల్చీని బాత్రూమ్‌లో వేడినీళ్ల ఆవిరికి వేలాడదీస్తే కొంత సర్దుకుంటుంది కానీ పట్టుని మాత్రం అక్కడ పెట్టొద్దు, నీటి మరకలు పడతాయి.

ఇస్త్రీ పెట్టె తీసుకెళ్లకండి. నిప్పు భయంతో చాలా షిప్పుల్లో గదుల్లో వాడనివ్వరు. నాది ఎక్కేటప్పుడు స్కానింగ్‌లోనే తీసి పక్కన పెట్టారు, దిగేరోజు ఇచ్చారు. కొన్ని షిప్పుల్లో లాండ్రీ గది ఉండి అక్కడే ఇస్త్రీ బల్ల ఉంటుంది. లేకపోతే డబ్బులిచ్చి చేయించుకోవాలి. మీ షిప్‌లో ఏముందో కనుక్కో.

డైనింగ్ హాల్లో ఏసీ బాగా చల్లగా ఉంటుంది. అమ్మకి శాలువా తప్పనిసరి. అది ఉంటే భోజనం అయ్యాక డెక్ మీదకీ పనికొస్తుంది. జూన్‌లో అక్కడ రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. తినేసి బయటికి వస్తే ఇంకా ఎండ కొండల మీద మెరుస్తూ ఉంటుంది. గాలి మాత్రం జోరు. పమిటకి భుజం దగ్గర రెండు, కుచ్చిళ్లకి ఒకటి పిన్నీసులు పెట్టు.

---

పాతికేళ్ల ప్రవాసి, బే ఏరియా:

పై అక్క అన్నీ చెప్పేశారు. పంచె కట్టేవాడిగా నావి కొన్ని. పట్టు పంచె కంటే జరీ అంచు నూలు పంచె మేలు, నడుం దగ్గర జారదు. అడ్డపంచె కాకుండా గోచీ పోసి కట్టమనండి. మెట్లు ఎక్కేటప్పుడు కాళ్లకి చుట్టుకోదు, చూడ్డానికీ నిండుగా ఉంటుంది. లోపల బెల్టు పెట్టుకుంటే ఇంకా ధైర్యం. కాళ్లకి వెనక పట్టీ ఉన్న తోలు చెప్పులు. లాల్చీకి జేబు ఉండాలి, ఎందుకంటే గది తలుపుకీ, కొనే ప్రతిదానికీ ఒక కార్డు ఇస్తారు, అది ఎప్పుడూ దగ్గరుండాలి.

ఇంకోటి. ఎక్కేరోజు పెద్ద సూట్‌కేసులు రేవు దగ్గరే తీసుకుంటారు, గదికి చేరేసరికి ఒక్కోసారి రాత్రి అవుతుంది. మొదటి రోజు డిన్నర్‌కి వేసుకునేవి, నాన్నగారి మందులు చేతి సంచిలోనే ఉంచండి. మొదటి రాత్రి ఫార్మల్ ఉండదు, మామూలు బట్టలు చాలు.

బట్టల సంగతి కాదు గానీ అడుగుతున్నా. విక్టోరియా కెనడాలో ఉంది. అమ్మానాన్నలది ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే కెనడా వీసా తీసుకున్నారా? లేకపోతే ముందు అది చూడండి.

---

గోదావరి గట్టు, హైదరాబాద్:

నేను అమెరికా క్రూజ్ ఎక్కలేదు. 2022లో మా విశాఖ నుంచి కార్డీలియా షిప్ బయల్దేరినప్పుడు అమ్మానాన్నలతో వెళ్లాను. మన షిప్ కాబట్టి చీరలూ లాల్చీలూ అందరివీ అవే, ఆ ఇబ్బందే రాలేదు.

కానీ మీ పోస్ట్ చదివాక ఒకటి అడగాలనిపించింది. నాన్నగారిని మీరు సూటిగా అడిగారా? మా నాన్న జీవితమంతా పంచెలోనే ఉన్నారు. ఆయనకి పంచే ఇష్టం అని మేమే అనుకున్నాం. ఆ ట్రిప్‌కి ముందు అడిగితే, "నాకు ఒక్కసారి కోటు వేసుకోవాలని ఉందిరా" అన్నారు. కాలేజీ రోజుల నుంచీ ఉన్న కోరిక అట. ఆరు నెలల తర్వాత ఆయన పోయారు. కోటు వేసుకున్న ఫొటో ఆ ఒక్కటే ఉంది మా దగ్గర. మీ నాన్నగారు "నీకు బాగుందనిపిస్తే" అన్నారు కదా. ఆయనకేం బాగుంటుందో కూడా అడగండి.

ఆయనకి ఏదీ ఇష్టం లేకపోతే ఫార్మల్ నైట్‌కి వెళ్లి తీరాలనేం లేదు. పైన బఫే ఉంటుంది, అక్కడ ఈ నియమాలుండవు.

---

తెనాలి అమ్మాయి, డాలస్:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. గోదావరి గట్టు గారూ, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ నాన్నగారి గురించి పంచుకున్నందుకు రుణపడి ఉంటాను.

నిన్న రాత్రి భోజనాలయ్యాక అడిగాను. ఈసారి సూట్ గురించీ పంచె గురించీ నా అభిప్రాయం ఏదీ చెప్పలేదు. "నాన్నా, ఆ రెండు రాత్రులూ మీకు ఏం వేసుకోవాలని ఉంది?" అన్నాను. కాసేపు ఆలోచించారు. "ఆ హాల్లో నీకూ అల్లుడికీ నామోషీ కాకపోతే పంచే కట్టుకుంటానమ్మా. రిటైర్‌మెంట్ రోజు పిల్లలు పెట్టిన పంచెల చాపు బీరువాలో అలాగే ఉంది, ఒక్కసారీ కట్టలేదు" అన్నారు. మా ఆయన అక్కడే ఉన్నారు. వెంటనే ఫోన్ తీసి తెనాలిలో మా అన్నయ్యకి చేశారు. వచ్చే వారం అన్నయ్య స్నేహితుడు డాలస్ వస్తున్నాడు, ఆయన చేత పంపిస్తారు. చాక్లెట్ రంగు అంచు అట.

కంపెనీ వాళ్ల జవాబు కూడా ఈరోజు పొద్దున వచ్చింది, నేషనల్ డ్రెస్ వేసుకోవచ్చని స్పష్టంగా రాశారు. ప్రవాసి గారూ, కెనడా వీసాలు మార్చిలోనే వచ్చాయి, గుర్తు చేసినందుకు థ్యాంక్స్.

అమ్మ మాత్రం కంచిపట్టు వదలనంటోంది. కావలి అక్కా, ఒక్క రాత్రికి అది, రెండో రాత్రికి ఉప్పాడ అని రాజీ కుదిరింది. లిఫ్ట్ దగ్గర గది ఇమ్మని కంపెనీకి ఇంకో మెయిల్ పెట్టాను.