పర్లాకిమిడిలో డీడీ ఫ్రీ డిష్ (దూరదర్శన్ ఉచిత డీటీహెచ్): స్ట్రెంగ్త్ ఉంది, క్వాలిటీ సున్నా

ప్రశ్న: డాబా మీద 60 సెం.మీ. డిష్ బిగించాం. స్ట్రెంగ్త్ 80, క్వాలిటీ సున్నా. ఆగ్నేయాన కొబ్బరిచెట్టు ఉంది. ఎటు తిప్పాలి, అన్నా?

జవాబు: స్ట్రెంగ్త్ చూసి మోసపోకు తమ్ముడూ, ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు సిగ్నల్ అందుకునే భాగం) కరెంటు అందితే చాలు, ఆ గీత నిండుతుంది. ముందు పైపు నిటారుగా ఉందేమో రసమట్టం పెట్టి చూడు. అది వాలితే కొలతలన్నీ తప్పే. ఫ్రీ డిష్ చానళ్లు వచ్చే ఉపగ్రహం జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. మీకు దక్షిణం నుంచి తూర్పుకి 27 డిగ్రీలు, నేల నుంచి పైకి 65 డిగ్రీలు. బాక్సులో ఫ్రీక్వెన్సీ 11090, పోలరైజేషన్ వర్టికల్, సింబల్ రేటు 29500 పెట్టు. డిష్ అంచుని అర సెంటీమీటరు కదిపి, మూడు సెకన్లు ఆగు. గబగబా తిప్పితే బాక్సు పట్టుకునేలోపే దాటిపోతుంది.

ఇంకో జవాబు: డిష్ ముఖాన్ని 65కి లేపెయ్యకండి. ఆఫ్‌సెట్ డిష్ కదా, అంటే ముఖం చూసే దిక్కు కంటే పై నుంచి సిగ్నల్ పట్టే రకం, చూడ్డానికి నలభై చిల్లరలోనే ఉంటుంది. బ్రాకెట్ మీది అంకెలే నమ్మండి. కొబ్బరిచెట్టు డిష్ కంటే ఎంత ఎత్తుందో, కనీసం అందులో సగం దూరంలో ఉంటే అడ్డురాదు.