బోరు నీటి మడిలో పాలకూర మొలక నిలవడం లేదు

పెరటిమడి_నల్లగొండ:
పాలకూర విత్తనాలు చల్లిన మడిలో కొన్ని చోట్ల మొలకలు గుత్తులుగా వస్తున్నాయి, మిగతా చోట్ల నేల బోసిగా ఉంది. మాది బోరు నీరు. తడి ఆరగానే మట్టిపై తెల్లటి పొర తేలుతుంది. పాలకూర ఉప్పు నీటిని తట్టుకుంటుందని అందరూ అంటారు కదా, మరి లోపం ఎక్కడున్నట్టు?

చల్కనేల_జడ్చర్ల:
తట్టుకునే మాట నిజమేనండి. మనం పప్పులో వేసుకునే పాలకూర బీట్‌రూట్ కుటుంబానిది. జాబ్నేర్ గ్రీన్ అనే రకమైతే ఉదజని సూచిక (pH) 10 దాటిన చవుడు నేలలోనూ పెరుగుతుంది. అయితే ఎదిగిన మొక్కకున్న ఓర్పు మొలకకు ఉండదు. విత్తే ముందు మడికి రెండు మూడు సార్లు నిండా నీరు పెట్టి, పైన పేరుకున్న ఉప్పు కిందికి దిగిపోయేలా చేయాలి. దొరికితే వాన నీరు, లేదంటే నల్లా నీరు వాడడం మేలు. రోజూ పైపైన చిలకరిస్తే ఆ ఉప్పు వేళ్ల దగ్గరే ఉండిపోతుంది.
మా ఎర్ర చల్కలో ఇంకో చిక్కు ఉంది. నీరు పడి ఆరాక పైమట్టి పెంకులా గట్టిపడుతుంది. బోసిగా ఉన్న చోట ఆ పెంకును గోటితో లేపి చూడండి, కింద మొలక తెల్లగా వంగిపోయి కనిపించవచ్చు. విత్తనాన్ని ఒక సెంటీమీటరు లోతుకు మించకుండా వేసి, మట్టికి బదులు జల్లించిన మాగిన పశువుల ఎరువు కప్పితే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

డాబాతోట_మిర్యాలగూడ:
గుత్తులుగా రావడం జబ్బు కాదు. పాలకూర విత్తనమని మనం కొనే గరుకు ఉండలో రెండు మూడు విత్తనాలు కలిసి ఉంటాయి. రాత్రంతా నానబెట్టి, వరుసల మధ్య జానెడు దూరం వదిలి విత్తి, ఒత్తుగా ఉన్నవాటిని లేతగానే పీకి కూరలో వేసుకోండి. అలా వదిలేస్తే ఆకు సన్నబడుతుంది, పేనుబంకకూ దాపు దొరుకుతుంది. పురుగు కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం చల్లడమే నాకు తెలిసిన మందు. ఆకుకూర మీద అంతకంటే ఘాటైనవి కొట్టడం నాకు సమ్మతం కాదు.

పెరటిమడి_నల్లగొండ:
మీరిద్దరూ చెప్పినవి చేసి చూస్తాను. ఇంకొక సందేహం: మా జిల్లా నీరు కనుక అడుగుతున్నాను, ఈ ఆకు తింటే ఫ్లోరైడ్ భయం ఉంటుందా?

చల్కనేల_జడ్చర్ల:
ఆకులోకి కొంత చేరుతుంది కానీ, ఒంట్లోకి ఫ్లోరైడ్ వెళ్లే ప్రధాన దారి తాగునీరేనండి. పటిక, సున్నం కలిపి శుద్ధి చేసే నల్లగొండ పద్ధతి పుట్టింది కూడా తాగునీటి కోసమే. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు మాత్రం పాలకూరలో ఉండే, రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్ల సంగతి వైద్యుణ్ణి అడగాలి.

డాబాతోట_మిర్యాలగూడ:
కోత గురించి ఒక్క మాట. విత్తిన నెలకు మొదటి కోత వస్తుంది. వేరుతో పీకకుండా, నడిమి లేత ఆకులను వదిలి, నేలకు రెండు వేళ్ల ఎత్తున కోస్తే పదిహేను ఇరవై రోజులకొకసారి మళ్లీ చేతికొస్తుంది. మార్చి దాటాక మన ఎండకు ఆకు వాడి పూతకాడ లేస్తుంది కాబట్టి, వేసవి మడికి మధ్యాహ్నం నుంచి నీడ పడేలా గోడకు తూర్పు పక్కనున్న చోటు చూసుకోండి, లేదా యాభై శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల కట్టండి. కాడ లేచిన మొక్కను మళ్లీ కోసినా మంచి ఆకు రాదు. దాన్ని తీసేసి కొత్తగా విత్తడమే నయం.