పాత సీసంలో కాల్షియం కలిపితే తెట్టే మిగులుతోంది, ఎందుకు?

ప్రశ్న: ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్లు తరచూ పోయక్కర్లేని ప్లేట్ల కోసం పాత గ్రిడ్ల (ప్లేటు లోపలి సీసపు జాలీల) సీసం 100 కిలోలు కరిగించి 60 గ్రాముల కాల్షియం వేశాం. పైన మందంగా తెట్టు కట్టింది, నీళ్ల ఖర్చు తగ్గలేదు. కొత్త సీసంలో కాల్షియం ఒక్కటే కలిపి పోసినవేమో నాలుగైదుసార్లు పూర్తిగా దిగాక చార్జి ఎక్కడం మానేశాయి. తప్పెక్కడుంది?

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులండీ. పాత గ్రిడ్లలో యాంటిమొనీ (సీసాన్ని గట్టిపరచడానికి కలిపే లోహం) ఉంటుంది. కాల్షియం దాన్ని పట్టుకుని తెట్టుగా పైకి తేలుతుంది. కిలో యాంటిమొనీకి దాదాపు అరకిలో కాల్షియం పోతుంది. మీ 60 గ్రాములు మహా అయితే 120 గ్రాముల యాంటిమొనీని తీసి ఉంటాయి. సీసంలో 2 శాతం ఉందనుకుంటే అదే 2 కిలోలు!

మిగిలిన యాంటిమొనీ పాజిటివ్ గ్రిడ్ తినుకుపోయేకొద్దీ యాసిడ్‌లోకి దిగి నెగటివ్ ప్లేటు మీద పేరుకుంటుంది. అక్కడ హైడ్రోజన్ సులువుగా పుడుతుంది. నీళ్లు తగ్గేది అందుకే. కాల్షియం గ్రిడ్ కావాలంటే యాంటిమొనీ 0.001 శాతం లోపున్న శుద్ధి చేసిన సీసమే కొనండి, స్పెక్ట్రో రిపోర్టు (లోహంలో ఏది ఎంతుందో చెప్పే పరీక్ష) చూసి మరీ.

ఇంకో జవాబు: రెండో జబ్బుకి, అంటే చార్జి ఎక్కకపోవడానికి, మందు తగరం. తగరం లేని కాల్షియం గ్రిడ్ మీద, సల్ఫేట్ పొర అడుగున, కరెంటు పారనివ్వని లెడ్ ఆక్సైడ్ పొర పెరుగుతుంది. ప్లేటులో సరుకు బాగానే ఉన్నా కరెంటుకు దారి ఉండదు. తగరం ఆ పొరలో చేరి కరెంటు పారనిస్తుంది. పాజిటివ్ గ్రిడ్‌కి 100 కిలోల సీసానికి తగరం 1.2 నుంచి 1.5 కిలోలు, కాల్షియం 60 గ్రాములు, అల్యూమినియం 20 గ్రాములు. అల్యూమినియం కరుగు మీద సన్నని పొర కట్టి కాల్షియాన్ని కాలిపోకుండా కాస్తుంది. కాల్షియం ఎక్కువైతే గట్టిదనం వస్తుందని 100 గ్రాములు వేయకండి, లోహపు రేణువుల అంచుల వెంట యాసిడ్ తినేసి గ్రిడ్ సాగిపోతుంది.

75:25 కాల్షియం-అల్యూమినియం మిశ్రమం 80 గ్రాములు వేస్తే రెండూ సరిపోతాయి, కాలిపోయేదానికి కాస్త ఎక్కువ. అది తేలికది, పైన పడేస్తే మండిపోతుంది. కరుగు 550 డిగ్రీల దగ్గరున్నప్పుడు ఇనుప జాలీలో పెట్టి అడుక్కి నొక్కిపట్టాలి. అంత వేడి చేతకాకపోతే సీసం-కాల్షియం దిమ్మలు కొనుక్కోవడం మేలు.

ప్రశ్న: మరి ఈ 100 కిలోలు పారేయాలా?

జవాబు: అక్కర్లేదు. యాంటిమొనీ 1.6 నుంచి 1.8 శాతానికి సరిచేసి, సెలీనియం 0.02 శాతం వేసి పోయండి. సెలీనియం లేకుండా అంత తక్కువ యాంటిమొనీతో పోస్తే రేణువులు మొరటుగా వచ్చి అచ్చులోనే పగులుతాయి. నీళ్లు పోయాల్సిందే గానీ, రోజూ లోతుగా దిగే బ్యాటరీకి నిజానికి ఇదే నయం. దీనికీ కాల్షియం కరుగుకీ పాట్‌లు, గరిటెలు వేరుగా ఉండాలి.

ముఖ్యంగా ఆ తెట్టు తడవకూడదు. చెమ్మ తగిలితే స్టిబీన్, పాత సీసంలో ఆర్సెనిక్ ఉంటే ఆర్సీన్ పుడతాయి, రెండూ ప్రాణం తీసే వాయువులే. మూతున్న పొడి డ్రమ్ములో, వాన పడని చోట పెట్టి లైసెన్సున్న రీసైక్లర్‌కి అప్పగించండి.