వంగే పాళీకి ఎలాంటి కాగితం కొనాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి)

ఇన్నాళ్లూ సన్న పాళీ పెన్నుతో రాసేవాడిని. ఈ మధ్య, నొక్కినప్పుడు మొన రెండుగా విచ్చుకునే ఫ్లెక్స్ పాళీ పెన్ను ఒకటి, మొన చదునుగా ఉండే 1.1 మిల్లీమీటర్ల స్టబ్ పాళీ పెన్ను ఒకటి కొన్నాను. సన్న పాళీకి ఏ ఇబ్బందీ పెట్టని 75 జీఎస్ఎం జిరాక్స్ కాగితం మీద ఇప్పుడు గీత అంచుల వెంట ఇంకు నూగుగా పాకుతోంది. ‘ష్ట్ర’, ‘క్ష్మ’ వంటి చోట్ల ఒత్తులు పూడిపోతున్నాయి, కాగితం రెండో వైపు రాయడానికి పనికిరావడం లేదు. టవర్ క్లాక్ దగ్గరి అంగడిలో మందం కాగితం తీసుకొమ్మని సలహా ఇస్తే 120 జీఎస్ఎం డ్రాయింగ్ కాగితం తెచ్చుకున్నాను. దాని మీద ఇంకు ఇంకా ఎక్కువ పాకింది. మందం పెరిగినా ఇలా ఎందుకు జరుగుతోంది? రోజూ రాసుకోవడానికి, ఉత్తరాలకు ఎలాంటి కాగితాలు ఎంచుకోవాలి?

జవాబు 1 (కడప నుంచి)

జీఎస్ఎం అన్నది చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క మాత్రమే. ఆ కాగితం ఇంకును ఎంత పీలుస్తుందో అది చెప్పదు. నూలు చీరకు గంజి పెట్టినట్టే కాగితానికి కూడా తయారీలో పిండి పదార్థమో, రోజిన్ అనే చెట్టు జిగురో, మరో రసాయనమో పట్టిస్తారు. దీన్ని సైజింగ్ అంటారు. అది సరిగా కుదిరిన కాగితం మీద ఇంకు పైనే నిలిచి మెల్లగా ఆరుతుంది, కుదరని కాగితంలో నారల వెంట పక్కలకూ వెనక్కూ పారుతుంది. జపాన్‌లో పుట్టిన టోమోయె రివర్ కాగితం 52 జీఎస్ఎం మాత్రమే ఉన్నా ఇంకును ధారాళంగా వదిలే పాళీలను చక్కగా తట్టుకోవడానికి, మీ 120 జీఎస్ఎం కాగితం తట్టుకోలేకపోవడానికి తేడా అక్కడే ఉంది.

ఫ్లెక్స్ పాళీకి నునుపు కూడా అంతే ముఖ్యం. పైకి లాగే సన్న గీతలో దాని మొన సూదిగా ఉంటుంది కాబట్టి గరుకు కాగితంలో నారను పట్టి లాగుతుంది. ఆ నార పాళీ చీలికలో ఇరుక్కుంటే ఆ తరువాతి గీతలన్నీ చెదిరిపోతాయి. అప్పుడు ఇంకును నిందించకుండా, పాళీని భూతద్దం కింద చూసి, పల్చటి ప్లాస్టిక్ ముక్కతో ఆ నారను తీసేయండి.

అంగడిలో రీము కొనే ముందు రెండు మూడు షీట్లు అడిగి తెచ్చుకొని, మీ పెన్నుతో, మీ ఇంకుతో, మీరు రాసే సైజులోనే ‘ఘ’, ‘ఝ’, ‘ణ’, ‘ష్ట్ర’ రాసి చూడండి. నిలువు గీతలు గీసి పరీక్షిస్తే చాలదు; తెలుగుకు అసలు పరీక్ష ఆ చిన్న గుండ్రాల లోపల తెల్లదనం మిగులుతుందా లేదా అన్నదే. షీటు రెండు వైపులా రాయాలి, ఎందుకంటే కొన్ని కాగితాలకు ఒక వైపు నునుపుగానూ రెండో వైపు గరుకుగానూ ఉంటుంది. ఉత్తరాలకైతే ఫ్రాన్స్‌కు చెందిన రోడియా ప్యాడ్లు (80 జీఎస్ఎం) నమ్మదగినవి గానీ, రోజువారీ రాతకు అంత ఖర్చు అనవసరమని నా అభిప్రాయం. లేజర్ ప్రింటర్ల కోసం అమ్మే 100 జీఎస్ఎం నునుపు కాగితాల్లో మంచివి దొరుకుతాయి.

జవాబు 2 (కర్నూలు నుంచి)

కాగితం మార్చే ముందు ఇంకు మార్చి చూడమంటాను. ధారాళంగా పారే ఇంకు ఎంత మంచి కాగితాన్నైనా ఇబ్బంది పెడుతుంది. పొడిగా పారే ఇంకు, ముఖ్యంగా ఇనుప లవణంతో చేసే ఐరన్ గాల్ రకం, మామూలు జిరాక్స్ కాగితం మీద కూడా అంచు చెదరకుండా నిలుస్తుంది. అయితే దానికి ఆమ్ల గుణం ఉంటుంది కనుక పెన్నును తరచూ కడుక్కోవాలి.

మరో మాట. 1.1 పాళీతో అక్షరం ఎత్తు పాళీ వెడల్పుకు కనీసం ఐదింతలు, అంటే దాదాపు ఐదున్నర మిల్లీమీటర్లు ఉండాలి. దాని కింద ఒత్తుకూ, పైన గుడికీ చోటు కావాలి కాబట్టి మామూలు నోటుపుస్తకం గీతల మధ్య అది ఇమడదు. పూడిపోవడానికి సగం కారణం మీ అక్షరాల సైజే కావచ్చు. గీతలు లేని పల్చటి కాగితం కింద ముదురు గీతల షీటు పెట్టుకొని రాయండి.

జవాబు 3 (అనంతపురం నుంచి)

పొడి ఇంకు సలహా స్టబ్ పాళీకి సరిపోతుంది గానీ, ఫ్లెక్స్ పాళీకి వర్తించదు. మొన విచ్చుకున్నప్పుడు ఆ సందును నింపేంత ఇంకు వెంటనే దిగకపోతే గీత నడుమ ఖాళీ వదిలి రెండు పట్టాలుగా పడుతుంది. మన ఊరి ఎండాకాలంలో, ఫ్యాను కింద కాసేపు మూత తీసి ఆలోచిస్తూ కూర్చుంటే మొన దగ్గర ఇంకు ఆరిపోయి ఈ బాధ మరింత ఎక్కువవుతుంది. కాబట్టి ఆ పెన్నుకు ధారాళమైన ఇంకునే ఉంచి, ఖర్చు కాగితం మీద పెట్టడం మంచిది.

సైజింగ్ బాగా ఉన్న కాగితం మీద ఇంకు ఆలస్యంగా ఆరుతుంది కనుక పేజీ తిప్పే ముందు అద్దుడు కాగితం వేయండి. చేతి చెమట, జిడ్డు అంటిన చోట ఇంకు పట్టక గీత తెగుతుంది. అరచేయి కింద మరో కాగితం ముక్క పెట్టుకొని రాస్తే ఆ ఇబ్బంది ఉండదు.

ప్రశ్న అడిగినవారు

డ్రాయింగ్ షీటు మీద నీటి బొట్టు వేసి చూశాను, చూస్తుండగానే ఇంకిపోయింది. జిరాక్స్ కాగితం మీద మాత్రం బొట్టు కాసేపు నిలబడింది. స్టబ్ పాళీకి ఇంకు మార్చి, అక్షరాల సైజు పెంచి ఆ జిరాక్స్ కాగితమే వాడతాను. ఫ్లెక్స్ పాళీ కోసం 100 జీఎస్ఎం లేజర్ కాగితం విడి షీట్లు ఇస్తారేమో రేపు అంగడిలో అడుగుతాను.

జవాబు 1 ఇచ్చినవారు

షీట్లు ఏ రీములోంచి తీసి ఇచ్చారో ఆ రీమునే పక్కన పెట్టమనండి. ఒకే కంపెనీ, ఒకే పేరు ఉన్నా కాగితం ఒక తయారీకీ మరో తయారీకీ మారుతూ ఉంటుంది.